కొండ మీది చలి సరస్సులో స్కూబా: చెన్నై, బెంగళూరు డైవర్లకి లెక్కలూ సరంజామా

పుదుచ్చేరిలోనో కర్ణాటక తీరాన నేత్రాణి దీవి దగ్గరో డైవింగ్ నేర్చుకున్నవాళ్లకి ఒక లెక్క ఒంటబట్టి ఉంటుంది. పైన ఒక బార్ గాలి, పది మీటర్లు దిగితే రెండు బార్లు, నీళ్లు ఉప్పగా వెచ్చగా ఉంటాయి, 3 మి.మీ. సూట్ సరిపోతుంది. కొండ సరస్సులో ఇవేవీ చెల్లవు. అక్కడికి వెళ్దామనుకునేవాళ్లు ముందు చలి గురించి అడుగుతారు, తర్వాత లోతు గురించి. ప్లాన్ మొదలుపెట్టాల్సింది మాత్రం నీటి పైనున్న పలచని గాలి దగ్గర. అది సరిగ్గా లెక్కలోకి వస్తే టేబులు (ఏ లోతులో ఎన్ని నిమిషాలుండొచ్చో చెప్పే పట్టిక), మీటరు, సేఫ్టీ స్టాప్ (పైకి తేలేముందు కాసేపు ఆగడం), తిరుగు ప్రయాణం అన్నీ దారిలో పడతాయి.

అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ పూర్తి చేసి, డ్రైసూట్ (లోపలికి నీరు రానివ్వని సూట్) కోర్సు విడిగా చేసినవాళ్లని ఉద్దేశించి ఇది రాస్తున్నాం. ఆల్టిట్యూడ్ డైవర్ కోర్సుకి ఇది బదులు కాదు, ఆ కోర్సులో గబగబా దాటేసే సంగతులే ఇక్కడ ఎక్కువ.

పలచని గాలి చేసే పని

సముద్ర మట్టంలో గాలి ఒత్తిడి 1.013 బార్. 2,000 మీటర్ల ఎత్తులో అది సుమారు 0.80, 3,000 మీటర్లలో 0.70, లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు ఉన్న ఎత్తులో దాదాపు 0.60. నీటి బరువు మాత్రం ఎక్కడైనా అంతే, 10 మీటర్ల మంచినీటికి ఒక బార్‌కి కాస్త తక్కువ. శరీరంలో కరిగిన నైట్రోజన్‌కి ముఖ్యం ఒత్తిడి ఎంత తగ్గిందనేది కాదు, ఎన్నో వంతుకి తగ్గిందనేది. సముద్రంలో 10 మీటర్ల నుంచి పైకి వస్తే ఒత్తిడి సగమవుతుంది. 3,000 మీటర్ల ఎత్తున్న సరస్సులో 7 మీటర్ల నుంచి పైకి వచ్చినా సగమే అవుతుంది. అంటే బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో) గాలి రెట్టింపవడానికి 7 మీటర్లు చాలు, బుడగలు పుట్టడానికీ అంతే. చివరి 7 మీటర్లలో చేతివేళ్లు మొద్దుబారి ఉంటాయి, డంప్ వాల్వ్ తాడు ఎక్కడుందో దొరకదు, సూట్ ఉబ్బుతూ ఉంటుంది. కొండ సరస్సు డైవ్‌లో అన్నిటికన్నా కష్టమైన చోటు అదే.

ఇక్కడ బెంగళూరువాళ్లకి పనికొచ్చే మాట ఒకటి. బెంగళూరు దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ లెక్కలో 300 మీటర్లు దాటితే ఆల్టిట్యూడ్ డైవే, కాబట్టి ఊళ్లో కొలనులో చేసే ప్రాక్టీసు కూడా అందులోకే వస్తుంది. కొలనులో లోతు లేదు గనుక దాంతో చిక్కు లేదు. చిక్కంతా నేత్రాణికి పడవలెక్కే మురుడేశ్వర్ నుంచి తిరిగి వచ్చే దారిలో ఉంది. డైవింగ్ తర్వాత విమానం ఎక్కడం గురించి డైవర్ల భద్రత చూసే సంస్థ డ్యాన్ ఇచ్చిన సూచన ప్రకారం, ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, వరుసగా రెండు మూడు చేస్తే 18 గంటలు, డీకంప్రెషన్ డైవ్ (పైకి వస్తూ తప్పనిసరిగా ఆగాల్సిన డైవ్) అయితే అంతకన్నా బాగా ఎక్కువ ఆగాలి. ఆ సూచన వర్తించేది సుమారు 600 నుంచి 2,400 మీటర్ల ఎత్తుకి. బెంగళూరు అందులోనే ఉంది. ఆదివారం మధ్యాహ్నం దాకా రెండు డైవ్‌లు చేసి, రాత్రి స్లీపర్ బస్సెక్కి ఘాట్ దాటే అలవాటు చాలామందికి ఉంది. బస్సు కదా, విమానం కాదు కదా అనుకుంటారు. శరీరానికి ఆ తేడా తెలియదు.

టేబుల్‌ని కొండకి సరిపెట్టడం

టేబుళ్లన్నీ సముద్రానికి వేసినవి. కాబట్టి సరస్సులోని అసలు లోతుని సముద్రపు లోతుగా మార్చుకోవాలి. అసలు లోతుని 1.013తో హెచ్చించి, సరస్సు దగ్గరి గాలి ఒత్తిడితో భాగించండి. 2,000 మీటర్లలో ఈ గుణకం 1.27, 3,000లో 1.45, పాంగాంగ్ ఎత్తులో 1.7. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక గనుక రెండు మూడు శాతం తగ్గించుకోవచ్చు, కానీ తగ్గించకండి. ఆ కాస్తా మీకు మిగులు.

2,000 మీటర్ల ఎత్తులో 18 మీటర్ల డైవ్ అనుకుందాం. 18ని 1.27తో హెచ్చిస్తే 22.9 మీటర్లు. పాడీ టేబుల్ నియమం ప్రకారం చల్లని నీటిలో డైవ్‌ని ఇంకో 4 మీటర్లు లోతుగా లెక్కగట్టాలి. అది 26.9 అయింది. టేబుల్‌లో 26.9 గడి ఉండదు, పై గడి 30 మీటర్లది, దానికి గరిష్ఠం 20 నిమిషాలు. సముద్రంలో 18 మీటర్లకి అదే టేబుల్ 56 నిమిషాలు ఇస్తుంది. 3,000 మీటర్లలో అయితే 16 మీటర్ల డైవే 23 దాటుతుంది, చలికి 4 కలిపితే మళ్లీ 30 గడిలోకే వస్తారు. సముద్రంలో 72 నిమిషాలు ఇచ్చే లోతు ఇక్కడ 20కి పడిపోతుంది. ఈ 20 నిమిషాలు నీటిమట్టం వదిలిన క్షణం నుంచి పైకి బయల్దేరే క్షణం దాకా, అడుగున గడిపిన సమయం ఒక్కటే కాదు.

సేఫ్టీ స్టాప్ లోతు దీనికి ఎదురు మారుతుంది. సముద్రంలో 5 మీటర్లు అనుకుంటే 2,000 మీటర్లలో 4 మీటర్ల దగ్గర, 3,000లో మూడున్నర దగ్గర ఆగాలి, తక్కువలో తక్కువ 3 నిమిషాలు. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు మించకూడదు, చివరి భాగంలో ఇంకా నెమ్మదిగా రండి. రోజుకి రెండు డైవ్‌లకి మించి పెట్టుకోవద్దు.

చెన్నై నుంచి విమానంలో వెళ్లి దిగినవాళ్ల శరీరంలో నైట్రోజన్ అక్కడి గాలికి ఎక్కువే ఉంటుంది, అంటే అప్పుడే ఒక డైవ్ చేసి వచ్చినట్టు. పాడీ లెక్కలో ఎక్కిన ప్రతి 300 మీటర్లకీ రెండు ప్రెషర్ గ్రూపులు (శరీరంలో మిగిలిన నైట్రోజన్‌ని బట్టి టేబుల్ ఇచ్చే అక్షరాలు) వేసుకోవాలి, లేదా 6 గంటలు ఆగాలి. అమెరికా నౌకాదళం 12 గంటలంటుంది. ఈ గ్రూపుల కూడికలు మానేసి ఒక రాత్రి పడుకోవడం మేలు. 3,000 మీటర్లు దాటితే ఎలాగూ ఒక రాత్రితో పోదు. లేహ్ విమానాశ్రయమే 3,256 మీటర్లలో ఉంది. అక్కడ రెండు రోజులు కదలకుండా ఉండి, ఆ తర్వాత పడుకునే చోటుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచకుండా వెళ్లాలి.

ఎత్తుకి అలవాటు పడటానికి చాలామంది డాక్టరు సలహాతో డయామాక్స్ వేసుకుంటారు. డైవర్లకి దాంతో రెండు ఇబ్బందులున్నాయి. మూత్రం ఎక్కువగా వస్తుంది, డ్రైసూట్ తొడిగాక అది చిన్న సమస్య కాదు. రెండోది ముఖ్యం: వేళ్ల చివర్లలో, పెదాల చుట్టూ చిమచిమలాడుతుంది. డీకంప్రెషన్ జబ్బు (కరిగిన నైట్రోజన్ బుడగలవడం వల్ల వచ్చేది) లక్షణాల్లో అదీ ఒకటి. తలనొప్పి, వికారం, నీరసం కూడా ఎత్తు వల్లనా బుడగల వల్లనా అని పైకి చూసి చెప్పలేం. అందుకే డైవ్‌కి ముందు ప్రతి ఒక్కరి పరిస్థితి కాగితం మీద రాసుకోండి: తలనొప్పి ఉందా, ఏ వేలు చిమచిమలాడుతోంది, రాత్రి నిద్ర పట్టిందా. డైవ్ తర్వాత కొత్తగా ఏం కనిపించినా బుడగలే అనుకుని ఆక్సిజన్ పెట్టండి. పడుకుంటే ఆయాసం, దగ్గు ఉన్నవాళ్లని అసలు దింపవద్దు. ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, చల్లని నీటిలో మునిగినందువల్ల చేరడం రెండూ ఉన్నాయి, ఒకదానికి ఇంకోటి తోడైతే ఒడ్డుకి చేర్చడమే కష్టం.

మీటర్లు చెప్పే అబద్ధాలు

స్ప్రింగ్ గొట్టం ఉండే పాత రకం డెప్త్ గేజ్ సముద్ర మట్టానికి సున్నా పెట్టి తయారుచేసినది. 3,000 మీటర్ల సరస్సులో దాని ముల్లు దాదాపు 3 మీటర్లు దిగేదాకా కదలదు, తర్వాత కూడా తక్కువ లోతే చూపిస్తుంది. గాజు గొట్టంలో గాలి నొక్కుకునే క్యాపిలరీ గేజ్ దీనికి పూర్తిగా ఎదురు, అసలు లోతుకన్నా ఎక్కువ చూపిస్తుంది. చూపించేది సముద్రపు లోతే గనుక దాన్నే నేరుగా టేబుల్‌లో వాడుకోవచ్చు.

కంప్యూటర్లు చాలావరకు తామే సర్దుకుంటాయి, కానీ అన్నీ కాదు. సూంటో జూప్ లాంటి వాటిలో ఎత్తుని చేత్తో పెట్టాలి: ఏ0 అంటే 300 మీటర్ల దాకా, ఏ1 అంటే 300 నుంచి 1,500, ఏ2 అంటే 1,500 నుంచి 3,000. బెంగళూరువాళ్లు అసలు ఊళ్లోనే ఏ1లో పెట్టాలి. తామే సర్దుకునే రకాన్ని ఒడ్డున, గాలిలో ఆన్ చేసి, ఎత్తు గుర్తు తెర మీద కనిపించాకే నీటిలోకి దిగండి. మాన్యువల్‌లో గరిష్ఠ ఎత్తు ఎంతని రాశారో ముందే చూసుకోండి. చాలా మోడళ్లకి 3,000 మీటర్లే హద్దు, దానిపైన తెర మీద కనిపించే అంకెలకి ఎవరి పూచీ లేదు. లద్దాఖ్ సరస్సులు సరదా డైవింగ్‌లోకి రావని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

నీటి పొరలు

మంచినీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. వేసవిలో ఎండకి పైనీరు వేడెక్కి తేలికై పైనే నిలుస్తుంది, 4 నుంచి 6 డిగ్రీల నీరు అడుగున పడుకుంటుంది. రెండింటి మధ్య కొద్ది మీటర్ల మందంలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. అదే థర్మోక్లైన్. పైన 16 డిగ్రీలుంటే ఆ పొర దాటగానే 6 ఉండొచ్చు. శరత్కాలంలో పైనీరు చల్లబడి బరువెక్కాక గాలికి సరస్సంతా కలిసిపోతుంది. చలికాలంలో తలకిందులు: పైన మంచు, అడుగున 4 డిగ్రీలు.

పొర ఎక్కడుందో దిగాక తెలుసుకోవడం కన్నా ముందే కొలవడం మంచిది, ఖర్చు కూడా లేదు. 25 మీటర్ల తాడుకి మీటరుకో ముడి వేయండి. చివర 2 కిలోల సీసం, దానికి ఒక అడుగు పైన ఎవరి దగ్గరైనా మూలన పడి ఉన్న పాత డైవ్ కంప్యూటర్ కట్టండి. పడవ మీద నుంచి వదిలి ప్రతి 2 మీటర్లకీ 2 నిమిషాలు ఆపండి. దాని ఒంట్లో వేడి తగ్గి సరైన అంకె చూపడానికి ఆ మాత్రం సమయం పడుతుంది, తొందరపడి దించితే పొర ఉన్నదానికన్నా లోతుగా ఉన్నట్టు రాస్తుంది. పైకి తీసి లాగ్ చూసి, లోతు, ఉష్ణోగ్రత రెండు వరసలుగా స్లేట్ మీద రాసుకోండి. పొర 9 మీటర్ల దగ్గర మొదలై 13కి ముగుస్తోందంటే, డైవ్‌ని రెండు ముక్కలుగా ప్లాన్ చేయొచ్చు. చలి నీటిలో 10 నిమిషాలు, మిగతాదంతా పైపొరలో. పొరకి పైన చూసేందుకు ఏమీ లేకపోతేనే కిందికి 20 నిమిషాలూ వాడాలి.

పొరలోకి దూరేటప్పుడు చూపు అలలాడుతుంది. ఉష్ణోగ్రతలు వేరైన నీళ్లు కలిసే చోట వెలుగు వంగడం వల్ల, పొయ్యి మీద కాగే నూనెలోంచి చూసినట్టు బడ్డీ (జంట డైవర్) రూపం సాగుతుంది. మాస్క్‌కి ఆవిరి పట్టిందనుకుని నీళ్లు ఎక్కించి కడగబోతారు, 5 డిగ్రీల నీళ్లు ముక్కులోకి పోతాయి. కంగారు పడకుండా ఇంకో మీటరు దిగితే అదే సర్దుకుంటుంది. సాంద్రత మారే చోట నాచు, దుమ్ము తేలుతూ నిలిచిపోతాయి గనుక పొరలో మబ్బుగా ఉండి కింద అద్దంలా ఉండటం మామూలే. హిమానీనదాల నీరు చేరే సరస్సుల్లో పరిస్థితి వేరు. రాయి అరిగిన పిండి నీటిలోనే తేలుతూ ఉంటుంది, అడుగున కాలు తగిలితే 20 నిమిషాల్లో తేరుకోదు. అక్కడ కప్ప ఈత తన్నుడు తప్ప ఇంకోటి వద్దు.

కొన్ని లోతైన సరస్సులు అడుగుదాకా ఎప్పుడూ కలవవు. వాటి అడుగు పొరలో ఆక్సిజన్ ఉండదు, కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు. పాలలా, పసుపు మబ్బులా ఒక పొర కింద కనిపిస్తే అందులోకి దిగొద్దు.

రెగ్యులేటర్ గడ్డకట్టకుండా

ట్యాంకులోని 200 బార్ గాలి ఫస్ట్ స్టేజ్‌లో (రెగ్యులేటర్‌లో ట్యాంకుకి బిగించే భాగంలో) 9, 10 బార్లకి వ్యాకోచించేటప్పుడు బాగా చల్లబడుతుంది. సముద్రపు నీరు సున్నాకి దాదాపు 2 డిగ్రీలు కిందికి పోతే గానీ గడ్డకట్టదు, మంచినీరు సున్నాకే కడుతుంది. 4 డిగ్రీల మంచినీటిలో ఉన్న రెగ్యులేటర్‌కి దూరం చాలా తక్కువ. ఫస్ట్ స్టేజ్ స్ప్రింగు చుట్టూ ఉన్న నీరు మంచయితే వాల్వ్ మూసుకోదు, గాలి ఆగకుండా పోతుంది. సెకండ్ స్టేజ్‌లో (నోట్లో పెట్టుకునే భాగంలో) ఊపిరి తేమ గడ్డకట్టి లివర్ కదలకపోయినా అంతే.

ఐరోపా ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం, 10 డిగ్రీల కన్నా చల్లని నీటికి పనికిరాని రెగ్యులేటర్ మీద "10 డిగ్రీలకి పైన" అనే గుర్తు ఉంటుంది. ఇక్కడి డైవ్ సెంటర్లలో అద్దెకిచ్చేవి వెచ్చని సముద్రానికి కొన్నవి, ఆ గుర్తు చూడకుండా తీసుకోవద్దు. కావాల్సింది సీల్ చేసిన డయాఫ్రమ్ రకం ఫస్ట్ స్టేజ్, డిన్ కనెక్షన్ (ట్యాంకు వాల్వ్‌లోకి మరలా బిగించే రకం). ఒక ట్యాంకుకి రెండు వాల్వులుండి, రెండిటికీ వేరువేరు ఫస్ట్ స్టేజ్‌లు ఉంటే ఒకటి గడ్డకట్టినా రెండోదానితో బయటపడతారు. బీసీడీ గొట్టం ఒకదానికి, డ్రైసూట్ గొట్టం ఇంకోదానికి తగిలించండి. ఇంటర్మీడియట్ ప్రెషర్‌ని (ఫస్ట్ స్టేజ్ నుంచి బయటికొచ్చే గాలి ఒత్తిడిని) తయారీదారు చెప్పిన పరిధిలో కింది అంచుకి సర్వీసు మెకానిక్‌తో పెట్టించుకుంటే ఇంకా మంచిది, సొంతంగా స్క్రూలు తిప్పొద్దు.

తర్వాతంతా అలవాట్లే. ఒడ్డున చల్లగాలిలో రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని పీల్చి చూడొద్దు, గాలి వదిలే పర్జ్ బటన్ నొక్కొద్దు. పరీక్ష ముందురోజు రాత్రి గదిలో చేసుకోండి. నీటిలో తల మునిగాకే మొదటి ఊపిరి. బీసీడీలోకి గాలి చిన్న చిన్న చిటికెల్లా పంపండి. ఊపిరి పీలుస్తూ, డ్రైసూట్‌లోకీ బీసీడీలోకీ ఒకేసారి గాలి వదిలితే గడ్డకట్టకపోవడమే వింత. ట్యాంకు నింపిన గాలిలో తేమ ఉండకూడదు. సముద్రపు ఒడ్డున కంప్రెసర్‌కి ఫిల్టరు మార్చిన తేదీ అడగటంలో మొహమాటం వద్దు.

గాలి ఆగకుండా పోతుంటే 12 లీటర్ల ట్యాంకు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. తల పక్కకి వంచి, రెగ్యులేటర్‌ని పళ్లతో పూర్తిగా బిగించకుండా, బయటికి పోయే గాలిలోంచి గుక్కలుగా తీసుకోండి. బడ్డీ తన ఆక్టోపస్ (ఇంకొకరికి ఇవ్వడానికి ఉంచే అదనపు రెగ్యులేటర్) మీకిచ్చి, వెనక్కి వచ్చి ఆ వాల్వ్ మూసేయాలి. ఒకట్రెండు నిమిషాల్లో మంచు కరిగి మళ్లీ పనిచేయొచ్చు, అయినా డైవ్ అక్కడితో సరి. ఈ పని మందపాటి గ్లవ్స్‌తో చేయగలగాలి. వాల్వ్ ఎటు తిప్పితే మూసుకుంటుందో చీకట్లో చెప్పగలిగేదాకా కొలనులో ప్రాక్టీసు చేయండి.

డ్రైసూట్‌కి చెన్నై ఎండ

డ్రైసూట్ మన ఊళ్ల కొలనుల్లో నేర్చుకోవడంలో వింత కష్టం ఉంది, నీరే 28, 30 డిగ్రీలుంటుంది. లోపల పూర్తి ఉన్ని దుస్తులతో ఒడ్డున పావుగంట నిలబడితే వడదెబ్బ తగులుతుంది. తెల్లవారుజామున పెట్టుకోండి, సూట్‌ని మోకాళ్ల దాకా తొడిగి మిగతా సరంజామా సర్దుకుని, జిప్ చివరగా వేయండి. నేర్చుకోవాల్సినవి మూడే: భుజం వాల్వ్ ద్వారా గాలి వదలడం, కాళ్లలోకి గాలి పోయి తలకిందులైతే మోకాళ్లు ముడిచి దొర్లి నిలబడటం, ఇన్‌ఫ్లేటర్ ఇరుక్కుపోతే గొట్టం ఊడదీయడం. మూడోది గ్లవ్స్ వేసుకుని చేయాలి.

మెడ, మణికట్టు సీళ్లు లాటెక్స్ అయితే చెన్నై వేడికి, తేమకి జిగటబారి చిరుగుతాయి. వాసన లేని టాల్కం రాసి, నల్ల సంచిలో, ఏసీ గదిలో పెట్టండి. ఫ్రిజ్ మోటారు పక్కన వద్దు. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరం, గడియారం తీసి తొడగాలి. జిప్‌కి మైనం రాయాలి, సగం వేసి మడతపెట్టకూడదు.

తలకి 7 మి.మీ. హుడ్, చేతులకి డ్రై గ్లవ్స్ లేదా మూడు వేళ్ల 5 మి.మీ. గ్లవ్స్. హుడ్ కింద ఒక చెవిలోకి నీరు ముందు, రెండో చెవిలోకి తర్వాత పోతే లోకం గిర్రున తిరుగుతుంది, చల్లదనం రెండు చెవులకి ఒకే క్షణంలో అందకపోవడమే కారణం. నీటిలో దిగగానే, తల మునగక ముందే హుడ్ అంచు లాగి రెండు చెవుల్లోకీ నీరు పోనివ్వండి. తిరుగుడు మొదలైతే తాడు పట్టుకుని కళ్లు ఒకే చోట నిలపండి, అరనిమిషంలో తగ్గుతుంది.

మునగడానికి కట్టుకునే సీసం ఎంత? మనిషి, సరంజామా కలిపి 100 కిలోలుంటే ఉప్పునీటికన్నా మంచినీటిలో దాదాపు రెండున్నర కిలోలు తక్కువ కావాలి. ఇది పుదుచ్చేరిలో అదే సూట్‌తో తూచుకున్నవాళ్లకి. కొలనులో తూచుకుంటే ఆ తీసివేత అక్కర్లేదు. 12 లీటర్ల ట్యాంకులో నిండా ఉన్న గాలే దాదాపు 3 కిలోల బరువు, అది డైవ్‌లో తగ్గిపోతుంది. కాబట్టి 50 బార్లు మిగిలిన ట్యాంకుతో, సేఫ్టీ స్టాప్ లోతులో, సూట్‌లో కొద్ది గాలితో కదలకుండా నిలబడగలిగే సీసమే సరైనది. కొండ మీద చివరి 4 మీటర్లలో తేలిపోతే దిద్దుకునే వ్యవధి ఉండదు.

గాలి లెక్క

30 డిగ్రీల షెడ్డులో 200 బార్ నింపిన ట్యాంకు 4 డిగ్రీల నీటిలో 183 బార్ చూపిస్తుంది. లీక్ కాదు, చలికి గాలి ముడుచుకుంది. 12 లీటర్లకి 2,200 లీటర్లు. చలిలో, ఎత్తులో ఊపిరి నిమిషానికి 25 లీటర్లు అనుకోండి. 2,000 మీటర్ల సరస్సులో 18 మీటర్ల దగ్గర ఒత్తిడి 2.56 బార్, అంటే నిమిషానికి 64 లీటర్లు. ఇద్దరు భయంతో చెరో 40 లీటర్లు పీలుస్తూ ఒకే ట్యాంకు మీద పైకి రావాలంటే: అడుగున 1 నిమిషం, ఎక్కడానికి 2, స్టాప్‌లో 3 నిమిషాలు, మొత్తం సుమారు 760 లీటర్లు, 63 బార్లు. 70 పక్కన పెట్టండి. మిగిలింది 113 బార్లు, 21 నిమిషాలకి వస్తుంది. టేబుల్ ఇచ్చిన 20 నిమిషాలకి గాలి సరిగ్గా సరిపోయింది, అందుకే ఒక్క ట్యాంకుకి ఈ లోతే హద్దు. ఇంకా లోతుకి పోవాలంటే జంట ట్యాంకులు, వాటిని కొండ మీద మోసే మనుషులు కావాలి.

కొండ మీద కంప్రెసర్‌కి గాలి పలచగా అందుతుంది, ఇంజను బలమూ తగ్గుతుంది, ట్యాంకు నిండడానికి ఎక్కువ సమయం పడుతుంది. విమానంలో నిండు ట్యాంకులు తీసుకోరు. రోడ్డు మీద ముందుగా పంపేయడమే దారి.

డైవ్ రోజు

పొద్దున్నే దిగండి. మధ్యాహ్నానికి కొండల్లో గాలి లేస్తుంది, పడవ నిలవదు. 3 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని ఒక నిమిషం ఆగి, రెండు రెగ్యులేటర్లూ, గ్లవ్స్‌లో నీరు, బడ్డీ ముఖం చూసుకోండి. థర్మోక్లైన్‌కి ఒక మీటరు పైన మళ్లీ ఆగండి. ఎవరికి ఊపిరి వేగంగా ఆడుతున్నా అక్కడే వెనక్కి. పొర దాటాక సూట్ నొక్కుకుపోతుంది, చిటికెడు చిటికెడు గాలి ఇవ్వండి. వణుకు మొదలైతే గడియారం చూడకుండా వెనక్కి తిరగాలి, ఇద్దరిలో ఎవరు వణికినా డైవ్ ఇద్దరికీ అయిపోయినట్టే.

పైకి వచ్చాక ట్యాంకు మోసుకుని గట్టెక్కొద్దు. నీటిలోనే విప్పి ఒడ్డున ఉన్నవాళ్లకి అందించండి. వెంటనే వేడినీళ్ల స్నానం, మంట దగ్గర కాళ్లు చాపుకోవడం వద్దు. చర్మం ఒక్కసారిగా వేడెక్కితే కరిగిన వాయువు నిలవక బుడగలవుతుంది. గాలి తగలని చోట పొడిబట్టలు మార్చుకుని, ఫ్లాస్క్‌లో తెచ్చుకున్న మిరియాల చారు తాగండి.

ఆక్సిజన్ ఎంత తీసుకెళ్లాలో లెక్కగట్టండి. మాస్క్‌కి నిమిషానికి 15 లీటర్లు పోతుంది. మన దగ్గర దొరికే బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లుంటాయి, అంటే 100 నిమిషాలు. డీ టైప్ పెద్ద సిలిండర్‌లో 7,000 లీటర్లు, ఏడున్నర గంటల పైన. రీకంప్రెషన్ ఛాంబర్ (మళ్లీ ఒత్తిడి పెంచి బుడగలు తగ్గించే గది) ఉన్న ఆసుపత్రికి ఎన్ని గంటల దారో ముందు తెలుసుకుని, దాన్ని బట్టి సిలిండర్లు ఎక్కించండి.

దారిలో ఎత్తైన చోటు

సరస్సు ఎంపికలో ఎక్కువమంది మర్చిపోయేది వెనక్కి వచ్చే దారి. పాంగాంగ్ నుంచి లేహ్‌కి మామూలు దారి చాంగ్ లా మీదుగా పోతుంది, అది 5,300 మీటర్ల పైన. డైవ్ చేసినవాణ్ణి, అంతకన్నా ముఖ్యంగా జబ్బు పడ్డవాణ్ణి, కిందికి తేవడానికి ఇంకో వెయ్యి మీటర్లు పైకి తీసుకెళ్లాలన్నమాట. విచిత్రంగా ఆ తర్వాత లేహ్ నుంచి ఎక్కే విమానంలో ఈ భయం తక్కువ. క్యాబిన్ లోపలి ఎత్తు 2,400 మీటర్లకి మించదు, అది లేహ్ కన్నా కిందే. అయినా క్యాబిన్‌లో గాలి పోతే అనే లెక్కతో 24 గంటలు ఆగడం మంచిది. 2,000 మీటర్ల సరస్సు నుంచి వచ్చేవాళ్లకి మాత్రం అదే క్యాబిన్ పైకి ఎక్కడమే, 12, 18 గంటల నియమం పూర్తిగా వర్తిస్తుంది. మ్యాప్ తీసి దారిలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఎంతో రాసుకోండి, అది సరస్సుకన్నా 300 మీటర్లు ఎక్కువైతే ఆ రాత్రి అక్కడే ఉండండి.

మన దేశంలో దిగడానికి ఇంకో అడ్డంకి అనుమతి. పాంగాంగ్ సరిహద్దు సరస్సు. త్సో మొరిరి 2002లో, చంద్రతాల్ 2005లో రామ్‌సర్ జాబితాలో (ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో) చేరాయి. సిక్కింలోని గురుడోంగ్మార్ బౌద్ధులకి, సిక్కులకి పవిత్రం. అధికారుల రాతపూర్వక అనుమతి చేతిలో లేకుండా ఇలాంటి చోట్ల సరంజామా విప్పడమే తప్పు.

అందుకే మొదటి కొండ డైవ్‌కి మేం చెప్పేది కాలిఫోర్నియా, నెవాడాల మధ్య ఉన్న టాహో. 1,897 మీటర్లు, వేసవిలో స్పష్టమైన థర్మోక్లైన్ ఉంటుంది. ఎమరాల్డ్ బేలో మునిగిన బార్జిలు, పడవలు చూసేందుకు 2018లో తెరిచిన నీటి అడుగు హెరిటేజ్ ట్రయిల్ ఉంది. చెన్నై నుంచైనా బెంగళూరు నుంచైనా బే ఏరియాలో దిగడానికి మనవాళ్ల ఇల్లు ఒకటి ఉండనే ఉంటుంది. కిర్గిజ్‌స్తాన్‌లోని ఇస్సిక్ కుల్ 1,607 మీటర్లు, కాస్త ఉప్పగా ఉంటుంది, చలికాలంలోనూ గడ్డకట్టదు. టిటికాకా 3,812 మీటర్లు, అది రెండు మూడు కొండ సరస్సులు చూశాకే. చలి, ఎత్తు, కొత్త సూట్ మూడూ ఒకే డైవ్‌లో మొదటిసారి కాకూడదు.

టాహో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వైపు హైవే 50 మీద వచ్చేటప్పుడు ఎకో సమ్మిట్ దాటాలి. అది 2,250 మీటర్లు, సరస్సుకి 350 మీటర్లు పైన. డైవ్ పొద్దున చేసి సాయంత్రం కారెక్కేద్దామనుకుంటే కుదరదు, హోటల్ గది ఇంకో రాత్రికి కలిపే బుక్ చేసుకోండి.